చెప్పకుండా కప్పే శాలువా

వయసు మళ్లిన ఒక నటిని మాయమాటలు చెప్పి స్టూడియోకి రప్పించి, లైట్ల కింద కూర్చోబెట్టి, ఆవిడ గతాన్నంతా తెర మీద పరిచి, కన్నీళ్లు వచ్చేదాకా క్లోజప్ వదలకుండా పట్టుకోవడాన్ని సన్మానం అనకండి. పండగ వస్తే చాలు, మన తెలుగు ఛానెళ్లలో ఈ తంతు తప్పడం లేదు. మనవరాలి డాన్సు చూద్దురుగాని రమ్మంటారు. జడ్జిగా ఒక్క గంట కూర్చుంటే చాలంటారు. ఆవిడ వస్తుంది. నవ్వుతూ నమస్కారం పెట్టి కూర్చుంటుంది. ఉన్నట్టుండి లైట్లు ఆరిపోతాయి, వయొలిన్ మొదలవుతుంది, ఆవిడ జీవితం మీద చేసిన వీడియో, వాళ్ల భాషలో ‘ఏవీ’, పడుతుంది. చనిపోయిన భర్త ఫొటో. చనిపోయిన కొడుకు ఫొటో. ఏళ్ల తరబడి మాటల్లేని చెల్లెలు తెర వెనక నుంచి నడిచొస్తుంది. ఆవిడ లేవబోయి, నిలబడలేక, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంటుంది. యాంకర్ కళ్లొత్తుకుంటుంది. కుర్చీ చేతులు పట్టుకున్న ఆ పది సెకన్లే ప్రోమో. పండక్కి నాలుగు రోజుల ముందు నుంచీ దాన్నే తిప్పి తిప్పి వేస్తారు. చివర్లో ఒక శాలువా, ఒక మెమెంటో, స్పాన్సర్ పేరు రాసిన బహుమతి బుట్ట.

ఇది దోపిడీ. బాగా ఆలోచించే ఈ మాట వాడుతున్నాను. ఆ మనిషి నుంచి ఒకేసారి మూడు లాక్కుంటున్నారు: కాదనే అవకాశం, సిద్ధపడే సమయం, ఆమె పనికి రావాల్సిన డబ్బు.

నేనుండేది పుదుచ్చేరి లాస్‌పేటలో. చుట్టూ తమిళం. మా వైపు తెలుగు వినపడాలంటే యానాం నుంచి వచ్చి ఇక్కడి కాలేజీల్లో చదువుకునే పిల్లల గదులకు పోవాలి, లేకపోతే సాయంత్రం పూట టీవీ పెట్టుకోవాలి. సొంత ఊరికి దూరంగా బతికేవాళ్లకు తెలుగు ఛానెలే ఊరు, అందులో కనిపించే పాత ముఖాలే చుట్టాలు. మా చుట్టాన్ని నలుగురిలో కూర్చోబెట్టి ఏడిపిస్తుంటే చూస్తూ చప్పట్లు కొట్టమంటే మా చేతులు రావు.

ఈ పద్ధతి మనవాళ్లు కనిపెట్టింది కాదు. అమెరికాలో రాల్ఫ్ ఎడ్వర్డ్స్ 1948లో రేడియోలో ‘దిస్ ఈజ్ యువర్ లైఫ్’ మొదలుపెట్టాడు. 1952లో అది టీవీకెక్కింది. 1955లో బీబీసీ అందుకుంది. మన దేశంలో జీ టీవీలో ఫారూఖ్ షేక్ నడిపిన ‘జీనా ఇసీ కా నామ్ హై’ ఆ బాటలోదే. ఆయన మర్యాదెరిగిన మనిషి కాబట్టి అది హద్దు దాటలేదు. తర్వాత వచ్చినవాళ్లు పద్ధతిని తీసుకున్నారు, మర్యాదను వదిలేశారు.

లారెల్ హార్డీల సంగతి చూడండి. వాళ్ల పేరు చెబితే నవ్వని తెలుగువాడుండడు. 1954 డిసెంబరు 1న ఆ ఇద్దరినీ హాలీవుడ్‌లోని నికర్‌బాకర్ హోటల్ గదికి రప్పించారు. బెర్నార్డ్ డెల్ఫాంట్ అనే బ్రిటిష్ నిర్మాతతో మాటలున్నాయని చెప్పి పిలిచారు. ఆయనకూ ఈ ఎత్తులో భాగముంది. గదిలో కెమెరా దాచిపెట్టారు. హఠాత్తుగా ఎడ్వర్డ్స్ గొంతు వినిపించింది: మీరిప్పుడు దేశమంతా చూస్తున్న లైవ్ కార్యక్రమంలో ఉన్నారని. లారెల్‌కి 64 ఏళ్లు, హార్డీకి 62. ఇద్దరి ఆరోగ్యాలూ అంతంతమాత్రం. వాళ్లు హోటల్ నుంచి థియేటరుకు చేరేదాకా ఎడ్వర్డ్స్ ఏవో కబుర్లతో కాలక్షేపం చెయ్యాల్సి వచ్చింది. ఆ కార్యక్రమం ఇప్పటికీ దొరుకుతుంది. హార్డీ పెద్దమనిషి తరహాలో సర్దుకుపోతాడు. లారెల్ ముఖం చూడండి. నవ్వుతూనే ఉంటాడు, నోరు మాత్రం పెద్దగా విప్పడు. ఒక్క గ్యాగ్ కోసం రోజులకు రోజులు కూర్చుని, రాసి, చెరిపి, ఎడిటింగ్ గదిలో కూడా వదలకుండా చెక్కిన పనివాడు ఆయన. అలాంటివాణ్ణి ఏ తయారీ లేకుండా, పైసా ఇవ్వకుండా కోట్లమంది ముందు నిలబెట్టారు. అది తనను నొప్పించిందన్న సంగతి ఆయన తర్వాత దాచుకోలేదు కూడా. అమెరికన్ టీవీలో ఆ జంట కలిసి కనిపించింది ఆ ఒక్కసారే. అక్కడ వాళ్లకు వాళ్లుగా ఎంచుకుని చేసిన టీవీ కార్యక్రమం ఒక్కటీ లేదు. 1957లో హార్డీ పోయాడు.

నటుడి వృత్తే తయారవడం. జనం ముందుకు ఎలా రావాలో, ఏ ముఖంతో రావాలో తేల్చుకుని రావడమే ఆ వృత్తికి గౌరవం. ఈ సంగతి నాకు పుస్తకాలు నేర్పలేదు. మా పక్కింట్లో ఎనభై దాటిన మామ్మగారున్నారు. కాకినాడ వైపు నుంచి చిన్నప్పుడే మద్రాసు చేరి, స్టూడియోల్లో గ్రూప్ డాన్సరుగా కొన్నేళ్లు చేసి, ఇక్కడి మిల్లు ఉద్యోగిని పెళ్లి చేసుకుని పుదుచ్చేరి వచ్చేశారు. ఇలాంటి పండగ కార్యక్రమం ఒకటి మేమిద్దరం కలిసి చూశాం. యాంకర్ ఏడుస్తోంది, నటి ఏడుస్తోంది. మామ్మగారి చూపు మాత్రం ఇంకెక్కడో ఉంది.

“ఆ చీర చూశావా బాబూ, ఇంట్లో కట్టుకునేది. ముందో ముక్క చెబితే జుట్టుకి రంగేసుకునేది కదా. సవరం పెట్టుకునేది. మేకప్ లేకుండా సెట్టు మీదికి రావడం ఆవిడెరగదు. నేను కళ్లారా చూశాను.”

ఇంకో మాట కూడా అన్నారు: “ఏడవమంటే ఏడ్చేది, డైరెక్టరు ఎంతంటే అంత. ఇలా ఏడిపిస్తారనుకోలేదు పాపం.”

ఛానెల్ క్రియేటివ్ హెడ్‌లందరినీ కూర్చోబెట్టి ఈ రెండు మాటలూ వినిపించాలనుంది నాకు. నలభై ఏళ్లు వెలుగుకు ఏ చెంప చూపాలో లెక్క చూసుకుని బతికిన మనిషి ఆమె. ఆ లెక్కంతా ఆవిడ కష్టార్జితం. దాన్ని చెప్పాపెట్టకుండా ఊడబెరికే హక్కు మీకెవరిచ్చారు? సహజంగా వస్తుందండీ, నిజమైన భావోద్వేగం దొరుకుతుందండీ అంటారు. నిజమైన భావోద్వేగం ఆవిడ జీవితమంతా ఇచ్చింది, తెర మీద, తనకు తెలిసి, తన ఇష్టంతో. మీకు కావాల్సింది ఆవిడకు తెలియకుండా జారిపోయేది.

పడిపోయిన రోజుల గురించి అడిగేటప్పుడు ఈ ఛానెళ్ల ఆకలి ఇంకా బయటపడుతుంది. అమెరికా కార్యక్రమంలోనే 1958 జనవరిలో ఫ్రాన్సిస్ ఫార్మర్ అనే నటిని కూర్చోబెట్టారు. మానసిక చికిత్సాలయాల్లో ఏళ్లు గడిపి బయటపడ్డ మనిషి. మానసిక వ్యాధి గురించి, తాగుడు గురించి ఆమెనే దేశం ముందు అడిగారు. ఆమె కొయ్యబారి కూర్చుని, ఒక్కొక్క మాటా కూడబలుక్కుని జవాబిచ్చింది. చివర్లో ఒక ఎడ్సెల్ కారు బహుమతి. ఈ పద్ధతి పుట్టిన నేల మీదే దాని అసలు రూపం అది.

మన దగ్గర సావిత్రిగారు బతికుండి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు భయమేస్తుంది. 1980లో బెంగుళూరులో కోమాలోకి వెళ్లి, 19 నెలలు అలాగే ఉండి, 1981 డిసెంబరు 26న పోయారు. మంచాన ఎముకల గూడులా ఉన్న ఆవిడ ఫొటో ఇవాళ్టికీ చేతులు మారుతూనే ఉంది. ఆ ఫొటో వాడే ప్రతి ఛానెల్‌నీ, ప్రతి పత్రికనీ అడుగుతున్నాను: ‘మాయాబజార్’లో మాయా శశిరేఖ నడక మీద ఎప్పుడైనా అరగంట కార్యక్రమం చేశారా? ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ఉన్నాడు. ఒంటి మీద పట్టుచీర, లోపల రాక్షసుడు. పెళ్లికూతురు సిగ్గుపడుతూ తల వంచుకుంటుంది, మరుక్షణం భుజాలు విరుచుకుంటాయి, చెయ్యి మీసం వైపు పోతుంది, మళ్లీ గబుక్కున చెయ్యి వెనక్కి లాక్కుని పైట సర్దుకుంటుంది. సుశీలగారి గొంతులోంచి ఘంటసాలగారి గొంతు తన్నుకొస్తుంటే పెదాలు, కళ్లు, నడుము అన్నీ ఆ మార్పుని అందుకోవాలి. ఎస్వీ రంగారావుగారి ఠీవిని ఆవిడ తన ఒంట్లోకి ఎలా తెచ్చుకున్నారు? 1957లో ఇరవైల్లో ఉన్న ఒక అమ్మాయి ఆ పని ఎలా చేసింది? సన్మానం చెయ్యాలంటే ఇది అడగండి. ఎవరి వల్ల మోసపోయారు, ఎంత పోగొట్టుకున్నారు, ఎలా తాగారు అనేవి మీ ప్రశ్నలు. అవి వినీ వినీ చెవులు తూట్లు పడ్డాయి. 2018లో ‘మహానటి’ వచ్చింది, సావిత్రి వేషం వేసిన కీర్తి సురేశ్‌కి జాతీయ అవార్డు వచ్చింది, మంచిదే. సావిత్రికి పద్మశ్రీ కూడా లేదు. రంగారావుకీ లేదు, సూర్యకాంతానికీ లేదు.

అడిగే పద్ధతి మనకు తెలియనిదేం కాదు. గాయకుడు ఎస్పీ బాలుగారు 1996 నుంచి టీవీలో ‘పాడుతా తీయగా’ నడిపారు. ఎదురుగా పాతతరం సంగీత దర్శకుడు కూర్చుంటే, ఆ పాట ఎలా పుట్టింది, ఆ ఒక్క గమకం ఎందుకలా పెట్టారు అని అడిగేవారు. ఆ పెద్దాయన కళ్లల్లో వెలుగు వచ్చేది. అదీ టీవీయే, దానికీ ప్రకటనలు వచ్చాయి, జనం దాన్నీ కళ్లప్పగించి చూశారు.

ఇక కాదనే హక్కు సంగతి. 1961లో ఇంగ్లండులో టాటెన్‌హామ్ ఫుట్‌బాల్ కెప్టెన్ డానీ బ్లాంచ్‌ఫ్లవర్ ముందుకు బీబీసీ వాళ్లు ‘దిస్ ఈజ్ యువర్ లైఫ్’ కోసం, అతిథి జీవితకథ రాసుకునే ఎర్ర పుస్తకం పట్టుకుని వెళ్లారు. ఆయన వద్దని అక్కడి నుంచి వెళ్లిపోయాడు. నా సొంత జీవితంలోకి చెప్పకుండా చొరబడుతున్నారని ఆయన అభ్యంతరం. ఆటగాడు కాబట్టి, ఒంట్లో బలముంది కాబట్టి, రేపు మ్యాచ్ ఉంది కాబట్టి వెళ్లగలిగాడు. మన దగ్గర డెబ్బై అయిదేళ్ల క్యారెక్టర్ ఆర్టిస్టు అలా లేచి వెళ్లగలదా? రేపు ఒక సీరియల్లో బామ్మ వేషం ఆ ఛానెల్ నుంచే రావాలి. వచ్చే నెల మందుల ఖర్చు ఆ వేషంలోంచే రావాలి. వెళ్లిపోతే పొగరంటారు. ఈ లెక్క తెలిసే చేస్తారు కాబట్టే దీన్ని దోపిడీ అన్నాను.

“అలాగని ఊరుకుంటే వాళ్లనెవరు తలుచుకుంటారండీ? కార్యక్రమం చూసి ఎవరో హీరో లక్ష రూపాయలు పంపాడు, ఆపరేషన్ అయింది” అంటారు. పంపిన చేతికి దణ్ణం. కానీ ఒక మనిషి ఆపరేషన్ ఆవిడ కెమెరా ముందు ఎంత బాగా ఏడ్చిందన్నదాని మీద ఆధారపడటం నాకు సిగ్గుగా ఉంది, మీకూ ఉండాలి. ఆ లక్ష ఆవిడకు ఎప్పుడో రావాల్సినదే. ఎవరి దయా అక్కర్లేకుండా.

ఎందుకంటే ఆ కార్యక్రమంలో వేసిన క్లిప్పులన్నీ ఆవిడ పని. మధ్యాహ్నం పూట వేసే సినిమా ఆవిడ పని. దాని మధ్యలో సబ్బు, నూనె, బంగారం ప్రకటనలు పడతాయి. ఆ డబ్బు ఛానెల్‌కి పోతుంది. శాటిలైట్ హక్కుల డబ్బు నిర్మాతకో, నిర్మాత దగ్గర నెగటివ్ కొనుక్కున్నవాడికో పోయింది. ఆవిడకు 1968లో ఇచ్చిన పారితోషికమే ఆఖరు. లారెల్ హార్డీల సినిమాలు 1950ల్లో టీవీల్లో పగలూ రాత్రీ తిరిగాయి. హాల్ రోచ్ దగ్గర జీతానికి చేసిన సినిమాలు కాబట్టి వాళ్లకు చిల్లిగవ్వ రాలేదు. డబ్బు ఇవ్వని ఆ టీవీయే వాళ్లకు సన్మానం చేసింది.

చట్టం ఏమంటుందో చెబుతాను, ఎందుకంటే సన్మానం చేసే ఒక్క యాంకరూ చెప్పడు. 1994లో కాపీరైట్ చట్టాన్ని సవరించి ప్రదర్శకులకు హక్కు ఇచ్చారు, ఇస్తూనే సినిమాలో నటించడానికి ఒప్పుకుంటే ఆ హక్కు పోయినట్టే అని మెలిక పెట్టారు. 2012లో, జావేద్ అఖ్తర్ రాజ్యసభలో పట్టుబట్టి కొట్లాడిన సవరణలో, ఆ మెలిక కొంత విప్పారు. 38ఏ సెక్షన్ వచ్చింది. నటుడు రాసిచ్చాక నిర్మాత సినిమాను వాడుకోవడానికి అడ్డు చెప్పలేడు, కానీ ఆ నటనను వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీకి అర్హుడు అని అందులో ఉంది. గాయకులు 2013లో సంఘం పెట్టుకుని వసూలుకు దిగారు. మన నటులు? 2021లో తెలుగు నటుల సంఘం ‘మా’ ఎన్నికలు టీవీల్లో ఎంత రచ్చగా జరిగాయో చూశాం. సొంత భవనం కడతానన్న హామీ విన్నాం. 38ఏ పేరెత్తి ఓటడిగిన ఒక్క నోరూ నేను వినలేదు. పింఛను ఇస్తున్నారు, మంచిదే. పింఛను సంఘం పెట్టేది. రాయల్టీ హక్కుగా వచ్చేది.

పాత సినిమాలకు 2012 సవరణ వర్తిస్తుందా అని లాయర్లు అడ్డుపడతారు. పడనివ్వండి. దానికి దారి అమెరికా నటులు 1960లోనే చూపించారు. రొనాల్డ్ రీగన్ వాళ్ల సంఘానికి అధ్యక్షుడు. మార్చి 7 నుంచి ఆరు వారాలు సమ్మె చేశారు. ఆ ఏడాది నుంచి తీసిన సినిమాలు టీవీలో వేస్తే నటుడికి వాటా ఇవ్వాలని సాధించారు. అంతకుముందు సినిమాల వాటా వదులుకోవాల్సి వచ్చింది, దానికి బదులు నిర్మాతల దగ్గర 22 లక్షల 50 వేల డాలర్లు రాబట్టి పింఛనుకీ వైద్యానికీ నిధి పెట్టించారు. పాతవాళ్లకు అన్యాయం జరిగిందని మిక్కీ రూనీ లాంటివాళ్లు తర్వాత బాధపడ్డారు, ఆ బాధ సరైనదే. అయినా నిధి అన్నదొకటి పుట్టింది. మన ఛానెళ్లు పాత సినిమా ఆడినప్పుడల్లా ప్రకటనల రాబడిలో నూటికి ఒక్క రూపాయి అలాంటి నిధిలో వేస్తే ఏ ముసలి నటీ కెమెరా ముందు మందుల చీటీ చూపించక్కర్లేదు.

మామ్మగారి సంగతి ఇంకా ఉంది. ఆ సన్మానంలో నటి పాత పాట ఒకటి వేశారు. హీరోయిన్ ముందు, వెనక కుండలు పట్టుకున్న ఆడపిల్లల వరస. మామ్మగారు లేచి టీవీ దగ్గరకెళ్లి గాజు మీద వేలు పెట్టారు. “ఎడం నుంచి నాలుగోదాన్ని నేను.” వేలు తీసేలోపు షాట్ మారిపోయింది. సినిమా టైటిల్స్‌లో ఆవిడ పేరు లేదు. ఏజెంటు రోజుకూలీ చేతిలో పెట్టాడు, అంతే. ఇంటికొచ్చి చట్టం తీసి చదివాను. అదే 2012 సవరణలో ఇంకో వాక్యముంది: సినిమాలో ఏదో కాస్త కనిపించి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిల్స్‌లో పేరు పడని మనిషిని ప్రదర్శకుడిగా లెక్కించరట. తన పరువు పోయేలా ఆ దృశ్యాన్ని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు ఒక్కటి మిగిల్చారు. అంటే ఎండలో కుండ మోసిన ఆ పిల్ల చట్టం దృష్టిలో నాట్యమే చెయ్యలేదు. టైటిల్స్‌లో పేరు వెయ్యంది వాళ్లే, పేరు లేదు కాబట్టి హక్కు లేదనేదీ వాళ్లే. స్టార్‌కి జరిగే అన్యాయం గురించి రాస్తూ ఈ నాలుగో ఆడపిల్లను వదిలేస్తే నా కోపానికి అర్థం లేదు. నిధి పెడితే మొదటి రూపాయి ఆ వరసకు వెళ్లాలి.

చనిపోయినా వదలరు. ‘కీడా కోలా’ సినిమాలో తన తండ్రి బాలుగారి గొంతును కృత్రిమ మేధతో పుట్టించి వాడారని, తమను అడగలేదని 2024లో ఎస్పీ చరణ్ లాయర్ నోటీసు పంపాడు. అడగకపోవడం ఒక అలవాటైపోయింది, బతికున్నవాళ్ల విషయంలో దాన్ని ముచ్చటగా చూపిస్తున్నారు. రేపు పోయిన తండ్రి గొంతునే తయారుచేసి కూతురి ముందు వినిపించే ‘సర్‌ప్రైజ్’ వస్తుంది. అది వచ్చాక గుండెలు బాదుకుని లాభం లేదు. ఇప్పుడే ఆపాలి.

ముందే చెప్పి చేసే సన్మానం ఎలా ఉంటుందో మా ఊళ్లోనే చూడొచ్చు. మా లాస్‌పేట పక్కనే కరువడికుప్పం. తమిళ నాటకానికి తండ్రి అని పిలుచుకునే శంకరదాస్ స్వామిగళ్ సమాధి అక్కడే ఉంది. పక్షవాతంతో మాట పడిపోయి 1922లో ఈ ఊళ్లోనే పోయారాయన. ఆయన పేరు మీద పుదుచ్చేరి ప్రభుత్వం ఏటా ఒక సినిమాను ఎంచి అవార్డిస్తుంది. పేరు ముందే ప్రకటిస్తారు, దర్శకుణ్ణి పిలుస్తారు, నగదు ఇస్తారు, సినిమా వేసి జనానికి చూపిస్తారు. దాంట్లో ఏ ఆర్భాటమూ లేదు. వచ్చేవాడికి తాను ఎక్కడికి వస్తున్నాడో, ఎందుకు వస్తున్నాడో తెలుసు. రంగుల ‘మాయాబజార్’ చూడటానికి 2010 జనవరిలో గుమ్మడిగారు వచ్చినప్పుడూ అంతే. జనంలో ఆయన కనిపించిన చివరిసారి అది. తాను వేసిన బలరాముణ్ణి రంగుల్లో చూసుకోవడానికి తెలిసి, కావాలని వచ్చారు. ఆ నెల 26న వెళ్లిపోయారు.

నటుల పిల్లలకో మాట. ఛానెల్ వాళ్లు మీ దగ్గరకే ముందు వస్తారు. అమ్మకు చెప్పకండి, సర్‌ప్రైజ్ ఇద్దాం, పాత ఫొటోలివ్వండి అంటారు. ఇవ్వకండి. అమ్మను అడగండి. ఆవిడ వద్దంటే అది ఆఖరి మాట.

ఛానెల్ వాళ్లకు, ఈ సంక్రాంతికి స్క్రిప్టు రాసుకుంటున్న వాళ్లకు: ఆవిడ ఇంటికి వెళ్లండి. ఏవీ ముందే చూపించండి. ఏ ఫొటో ఉండాలో, ఏది తీసెయ్యాలో, ఎవరు రావాలో ఆవిడ చెబుతుంది. ఆవిడ రోజుకి ఇంత అని పారితోషికం రాయండి, మీ యాంకర్‌కి రాసినట్టే. వాడే ప్రతి క్లిప్పుకీ ఆవిడకెంతో, టైటిల్స్‌లో పేరు లేనివాళ్ల నిధికెంతో కింద రాయండి. చీర ఎంచుకోవడానికి, జుట్టుకి రంగేసుకోవడానికి వారం రోజులివ్వండి. సంతకాలయ్యాక కారు పంపండి.